చెల్లని చీటీ

ఈసారి ముగ్గురు నిలబడ్డారు
బోధనేతర ఉద్యోగుల సంఘం అధ్యక్ష పదవికి.
ఎచ్చెర్లలో మా యూనివర్సిటీకి ఉన్న ఓట్లు తొంభై నాలుగు.
అందులో రికార్డు రూములో బూజు పట్టినది ఒకటి, నాది.

సూపరింటెండెంటు లోలుగు అసిరిరావు
టేబులు మీద పలాస జీడిపప్పు పొట్లం పెట్టి
"ఇది ప్రచారం కాదు, పెళ్ళి తాంబూలం అనుకో" అన్నాడు.
ఎవరి పెళ్ళో చెప్పలేదు.
డీఏ బకాయిలు దసరాకి తెప్పిస్తాడట.
ఏ దసరాకో నేనూ అడగలేదు.

పరీక్షల విభాగం నుంచి చింతాడ దమయంతి
చేతిరాత కరపత్రం తెచ్చింది.
పదహారేళ్ళు మార్కుల జాబితాల్లో తప్పులు పట్టిన కన్ను.
నేను చదువుతుండగానే
పెన్ను తీసి తన కాగితంలోనే ఒక దీర్ఘం దిద్దింది.
ఆడవాళ్ళకి ఒక గది, ఆ తలుపుకి లోపలివైపు గడియ.
"గడియ కోసం గెలవాలా?" అన్నాను.
"గెలవకుండా పదేళ్ళు అడిగాను" అంది.

డ్రైవరు పొన్నాన భుజంగరావు చేతిలో కాగితమే లేదు.
"ముగ్గురు వీసీల్ని మోసినాను బావూ,
ఎనక అద్దంలో అందరి మొకాలూ సూసినాను."
మరి గెలిస్తే ఏం చేస్తావంటే
"నానేటి సేత్తాను? బండి ఆపుతాను" అన్నాడు.
ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు.

వరండా తుడుస్తున్న తవిటమ్మకి కూడా
పొరపాటున ఒక పొట్లం, ఒక కరపత్రం అందాయి.
ఔట్‌సోర్సింగు మనిషికి ఓటు లేదని
తర్వాతెవరో అసిరిరావు చెవిన వేశారు.
పొట్లం వెనక్కి అడగలేదు, పెద్దమనిషి.
మర్నాటి నుంచి నమస్కారం మాత్రం మానేశాడు.

"ఓటు నేకపోతే నేకపోయింది బావూ,
ఎవులు గెలిస్తే నాకేటి?
మీ రూము ఎనక కుళాయి
తిత్లీ గాలికి ఇరిగిపోయింది గదా,
కేంటీన్ కాణ్నుంచి నీలు మోసి నడుం పోతంది.
ఆ మాటొకటి ఎక్కడైనా రాసీండి."

శనివారం సెమినార్ హాల్లో పోలింగు.
జవాబు పత్రాల పాత ట్రంకు పెట్టెకి లక్క వేసి
మూతకి చిల్లు పెట్టారు.
హైవే మీద లారీ పోయినప్పుడల్లా
కిటికీ అద్దాలు మా తరఫున వణుకుతున్నాయి.

అట్ట చాటున నిలబడి పెన్ను మూత తీశాను.
బకాయిల్లో నావీ ఉన్నాయి.
గడియ న్యాయం.
బండి ఆపేవాడూ ఒకడుండాలి.
ఇంతా అనుకుని, ముగ్గురి పేర్ల కింద ఖాళీలో
"రికార్డు రూము వెనక కుళాయి" అని రాసి
నాలుగు మడతలు పెట్టాను.

సాయంత్రం లెక్కింపు.
అసిరిరావుకి నలభై ఒకటి.
దమయంతికి నలభై.
భుజంగరావుకి పన్నెండు.
చెల్లనిది ఒకటి.

ఎన్నికల అధికారి దాన్ని పైకి చదివాడు.
హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను.
భుజంగరావు నవ్వలేదు.
దమయంతి చేయి చాపి ఆ చీటీ తీసుకుంది.
నా ళ కి తోక పొడుగు,
ఈ భవనంలో ప్రతి ఫైలు మీదా ఆ తోక ఉంది.
ఆమె కన్ను అక్కడ ఆగింది.
దిద్దడానికి ఏమీ లేదన్నట్టు
చీటీ తిరిగి ఇచ్చేసింది.
నా వైపు చూడలేదు.
చూసి ఉంటే బాగుండేది.

పూలదండలు, టపాసులు,
ఎవరికీ చాలని మైసూరుపాకు.

బ్యాలెట్లు ఆరు నెలలు భద్రపరచాలని రూలు.
సీలు వేసిన కవరు సోమవారం నా దగ్గరికే వచ్చింది.
రిజిస్టరులో నంబరు వేశాను, తేదీ వేశాను.
విషయం అన్న గడిలో "ఎన్నికలు" అని రాయాలి.
"కుళాయి" అని రాశాను.
కొట్టేయలేదు.

అప్పుడే రెండు బక్కెట్లతో తవిటమ్మ వచ్చింది.
"రాసినారా బావూ?"
"రాశాను."
"ఎవులికిచ్చినారు?"
బక్కెట్టు దించుతుంటే
నీళ్ళు తొణికి నా చెప్పుల మీద పడ్డాయి.